చుక్క పెట్టిన చెట్లు

డిటెక్టివ్‌గారి గదిలోకి వచ్చినావిడ కూర్చోకముందే కళ్లనీళ్లు పెట్టుకుంది.

"మా ఆయన పెంచిన అడవండీ, మూడెకరాలు. ఆయన పోయి మూడేళ్లు. నెల నుంచీ నేను బడికి పాఠాలు చెప్పడానికి వెళ్లగానే ఎవరో చెట్లు కొట్టేస్తున్నారు. ఉన్నవి కూడా పోకముందే కోతమిల్లాయనకి అమ్మేద్దామనుకున్నా. సాయంత్రమే సంతకాలు."

అసిస్టెంటు అమ్మాయి గబగబా కుర్చీ జరిపింది. డిటెక్టివ్ మాత్రం గొడుగు అందుకున్నాడు. ఆయన గొడుగు తీశాడంటే దొంగ సగం దొరికినట్టేనని ఆమె గట్టి నమ్మకం.

అడవిలో కొట్టిన చెట్లన్నీ బక్కవి, వంకరవి. ఒక్కటీ ఎత్తుకుపోలేదు, కొమ్మలు నరికి పక్కనే పేర్చారు. పిట్టగూడున్న ఎండుచెట్టు జోలికే పోలేదు. తెల్లచుక్కలున్న పెద్దచెట్లు నిక్షేపంగా ఉన్నాయి.

"ఈ చుక్కలెవరు పెట్టారమ్మా?"

"మా ఆయనే. అన్నదమ్ములిద్దరూ రంగుడబ్బా పట్టుకుని తిరిగేవాళ్లు. కొట్టాల్సినవాటికి గుర్తేమో, నేనెప్పుడూ అడగలేదు."

డిటెక్టివ్ ఒక చుక్కను గోటితో గీకాడు. పాత రంగు మీద కొత్త రంగు ఉంది.

నాలుగింటికి అందరూ అక్కడే చేరారు. మిల్లాయన కాగితాలతో వచ్చాడు. డిటెక్టివ్ కబురు పంపితే వచ్చిన ఆవిడ మరిది కంచె దగ్గరే ఆగిపోయాడు. వాటాల గొడవలో ఆవిడ "నా గడప తొక్కకు" అన్నప్పటి నుంచీ ఏడేళ్లుగా మాటల్లేవు. అతని గడియారం పట్టీ మీద తెల్లటి మరక ఉంది.

"మిల్లాయనే అయ్యుంటాడు," అసిస్టెంటు గొణిగింది.

"చేవదేలిన చెట్లు వదిలేసి పుల్లలు కొట్టే దొంగెక్కడైనా ఉన్నాడా?" డిటెక్టివ్ నవ్వాడు. "అమ్మా, చుక్క కొట్టడానికి కాదు, ఉంచడానికి. చుక్కున్న చెట్టుకి ఎండ తగలనివ్వని బక్కచెట్లను తీసెయ్యాలి. మూడేళ్లు ఆ పని ఆగిపోయి అడవి ఊపిరాడక అల్లాడింది. ఆ గుర్తు సంగతి తెలిసింది మీ ఆయనతో డబ్బా పట్టుకు తిరిగినవాడికే. మాసిపోయిన చుక్కల్నీ దిద్దాడు. బాబూ, మీ గడియారం పట్టీ చూసుకోండి."

మరిది తలొంచుకున్నాడు. "అన్నయ్య నన్నూ ఈ చెట్లనీ కలిపే పెంచాడు వదినా. ఆ రుణం ఎలాగూ తీరదు. అడిగితే నువ్వు రానివ్వవు, ఊరుకుంటే అడవి దక్కదు."

ఆవిడ మిల్లాయనవైపు తిరిగింది. "ఏమనుకోకండి, అమ్మను," అంది. డిటెక్టివ్‌కు దణ్ణం పెట్టబోతే ఆయన గొడుగుతో మరిదివైపు చూపించాడు. అసిస్టెంటు కళ్లు తుడుచుకుంది.

"ఇంత మేలు చేసి దొంగలా దాక్కుంటావా?" అంది ఆవిడ. "మోకాలు చూడు, ఎలా చెక్కుకుపోయిందో! రేపట్నుంచి కంచె దూకకు, గేటులోంచి రా. డబ్బా నేను పట్టుకుంటా."