వేళ్లకు తెలిసిన మాట

"కీబోర్డ్ రిపేరా?" అన్నాడు ఏజెంట్ పదివేళ్లు.

"కీబోర్డ్ రిపేరే," అన్నాడు చీఫ్, డ్రై క్లీనింగ్ షాపు వెనకగదిలో వేలాడుతున్న కోట్ల మధ్య నిలబడి. "షిప్పింగ్ ఆఫీసని బోర్డు పెట్టుకున్న ముఠా నీకు తెలుసు. మూడో అంతస్తులో వాళ్ల కంప్యూటర్ ఉంది. ఈ సాయంత్రం అయిదింటికి అది మంచినీళ్ల ప్లాంటుకి ఒక కమాండ్ పంపుతుంది. క్లోరిన్ వాల్వులు పూర్తిగా తెరుచుకుంటాయి. ఆ తర్వాత కొళాయి తిప్పిన ప్రతివాడూ..."

చీఫ్ వాక్యాలు పూర్తిచేసే మనిషి కాదు.

"ఆ ప్రోగ్రామ్ ఎవరు రాశారు?"

"మీ అన్న."

పదివేళ్లు పక్కనున్న కోటు గుండీ పట్టుకున్నాడు. అన్న ఏజెన్సీ పంపగా ముఠాలో చేరాడు. ఆర్నెల్ల కిందట దొరికిపోయాడు. చంపేశారు.

"రాయకపోతే అనుమానిస్తారని రాశాడు. లోపల స్టాప్ కోడ్ పెట్టాడు. అది నీ దగ్గరుంది."

నిజానికి తన దగ్గర లేదు. తన వేళ్ల దగ్గర ఉంది. ఏజెన్సీ పద్ధతి అది. ఏజెంట్ల కీబోర్డ్ లేఅవుటే వేరు. ఏ మీట ఏ అక్షరమో బయటివాళ్లకు తెలియదు. కోడ్ నేర్పేటప్పుడు కళ్లకు గంతలు కడతారు, స్క్రీన్ ఆపేస్తారు. వేళ్లకు కదలిక మాత్రమే వస్తుంది. మాటేమిటో మనిషికి తెలియదు కాబట్టి గోళ్లు పీకినా చెప్పలేడు. అన్న తన వెనక నిలబడి, తన వేళ్ల మీద వేళ్లుంచి, ఆ కదలికను రోజుల తరబడి నొక్కించాడు. తన చేతుల్లో తనకే తెలియని గది ఒకటి ఉందని పదివేళ్లకు అప్పట్నుంచీ అనిపిస్తూ ఉంటుంది.

"నిన్ను రిపేర్‌కి పిలిపించిన మనిషి లోపలుంది," అన్నాడు చీఫ్. "ముఠాలో ఆమెని సిల్క్ అంటారు."

"మనం?"

"నువ్వు వదినా అంటావు."

"ఆమె ఇంకా మనవైపేనా?"

"వెళ్తున్నావుగా. అదీ కనుక్కో."

*

నీలం యూనిఫాం, టూల్ బ్యాగ్, మందపాటి కళ్లద్దాలు, అతికించిన మీసం. వాచీలో ఒక సూది, ఒక వైరు, ఒక చిన్న టార్చి. గుండీలో మైకూ, బుల్లి స్పీకరూ. మూడో అంతస్తు తలుపు తెరిచిన స్త్రీ సిల్కు చొక్కా మడత నలగకుండా పక్కకు తప్పుకుంది.

"ఎంటర్ అతుక్కుపోయిందా, మేడమ్?"

"లేదు. ఎస్కేప్ పనిచేయడం లేదు."

కోడ్ వర్డ్స్ సరిపోయాయి. అతను లోపలికి వచ్చాడు. తలుపు వెనక క్లిక్‌మంది.

"మీసం ఎడంవైపు ఊడుతోంది, మరిదీ," అంది ఆమె.

మారువేషం ప్రపంచాన్ని మోసం చేస్తుంది గాని, ఒక్క కంచంలో తిన్నంత చనువున్న మనిషిని చేయదు. పదివేళ్లు మీసం పీకి జేబులో పెట్టుకున్నాడు. కిటికీ లేని గది. బల్ల, కంప్యూటర్, రెండు కుర్చీలు. గోడ మీద గడియారం.

"తలుపు?"

"నాలుగు దాటాక మూస్తే అయిదుకే తెరుచుకుంటుంది. మా బాసు ఏర్పాటు. ఆయన ఎయిర్‌పోర్టుకి వెళ్లాడు. నన్ను కాపలా ఉండమన్నాడు." ఆమె హ్యాండ్‌బ్యాగు ఒళ్లోకి తీసుకుంది. బ్యాగు బరువుగా కుంగింది. లోపలున్నది లిప్‌స్టిక్ కాదు. "కాపలా పెట్టాడో, పడేసి పోయాడో."

గుండీ స్పీకరులో శబ్దం లేదు. ఈ గోడలు సిగ్నల్‌ను మింగేస్తున్నాయి.

అతను టూల్ బ్యాగ్‌లోంచి పెన్‌డ్రైవ్ తీసి ఏజెన్సీ లేఅవుట్ ఎక్కించాడు. పాస్‌వర్డ్ పెట్టె మీద క్లిక్ చేసి కళ్లు మూసుకుని వేళ్లను వదిలేశాడు. అవి పరిగెత్తాయి. చుక్కలు వరసగా పడ్డాయి. ఎంటర్.

తప్పు. ఇంకా రెండు అవకాశాలు. ఆ తర్వాత కమాండ్ అయిదు దాకా ఆగదు.

స్క్రీన్ మూలనున్న చిన్న గుర్తు చూశాడు. లేఅవుట్ మామూలుదానికి తిరిగిపోయింది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఒక్కో విండోకి ఒక్కో లేఅవుట్ అన్న ఆప్షన్ తీసేశాడు. మామూలు లేఅవుట్‌నే డిలీట్ చేశాడు. రీస్టార్ట్ చేద్దామంటే ధైర్యం చాలలేదు. మళ్లీ క్లిక్ చేశాడు, మళ్లీ వేళ్లు పరిగెత్తాయి.

తప్పు. డిలీట్ చేసిన లేఅవుట్ ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చుంది.

"కీబోర్డ్ పాడైందని అబద్ధం చెప్పి నిన్ను పిలిపించాను," అంది వదిన. "నా నోరు మంచిది కాదు."

"సాయం చేయొచ్చుగా?"

"ఎవరికి? మీ అన్న నన్ను వదిలి ఒంటరిగా విమానమెక్కబోతూ దొరికాడని వీళ్లన్నారు. మీ చీఫ్ ఏమీ అనలేదు. మీ ఆటలో నాకు వాటా వద్దు."

అతను పెట్టె మీద ఊరికే క్లిక్ చేసి చూశాడు. నెట్‌వర్క్ లైటు మినుక్కుమంది, లేఅవుట్ మారింది. పెట్టె వదిలాడు. లైటు ఆరింది. అప్పుడర్థమైంది. ఈ పెట్టెను ముట్టుకుంటే బాసు కంప్యూటర్ ఎక్కడో మేలుకుని ఇందులోకి కనెక్ట్ అవుతోంది. కొత్తల్లుడు మంచంతో సహా వచ్చినట్టు, తన లేఅవుట్ తాను వెంటబెట్టుకొస్తోంది. వైరు పీకితే? లింకు తెగిన మరుక్షణం ప్లాంటుకి కమాండ్ వెళ్లిపోతుందని స్క్రీన్ అడుగునే రాసి ఉంది.

గది ఇంకాస్త చిన్నదైంది. వేళ్లకు దారి తెలుసు, దారి మూసేశారు. తనకు దారి తెరిచే ఉంది, మాట తెలియదు.

ఒక్క అవకాశం, ఒక్క ఉపాయం మిగిలాయి. నోట్‌ప్యాడ్ తెరిస్తే అక్కడ ఏజెన్సీ లేఅవుట్ నిలుస్తుంది. వేళ్లను అక్కడ పరిగెత్తించి, పడ్డ అక్షరాలను కళ్లతో చూసి, మామూలు లేఅవుట్‌లో ఒక్కొక్కటే కొట్టాలి. ఏజెన్సీలో ఇంతవరకూ ఎవరూ చేయని తప్పు. పైగా వెనక ఆమె కూర్చుంది. ఆమె వాళ్ల మనిషైతే, మాట కనబడ్డాక తన అవసరం తీరిపోతుంది.

వెనక్కి తిరగాలనిపించింది. తిరగలేదు. నోట్‌ప్యాడ్ తెరిచి, మొదటిసారి కళ్లు తెరిచి టైప్ చేశాడు.

ఇంగ్లిష్ అక్షరాల్లో మన మాట: గడియ పెట్టకు, వచ్చేస్తున్నా.

అతనికి అదేదో మామూలు వాక్యంలా కనిపించింది. వెనక హ్యాండ్‌బ్యాగ్ నేల మీద పడింది.

"రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి ఫోన్ చేసి ఇదే అనేవాడు," అంది వదిన. "ఇంకేమీ అనేవాడు కాదు. పిసినారి. ఇది ఎప్పుడు పెట్టాడు?"

"దొరికిపోయే ముందు వారం."

 ఆమె కుర్చీ ముందుకు లాక్కుంది.

"అయిదుకి నాలుగు నిమిషాలుంది. నోట్‌ప్యాడ్ పక్కకి జరుపు. నేను చదువుతా, నువ్వు కొట్టు. జీ."

పదివేళ్లు మీటల మీద వెతికాడు. ఏళ్లుగా ఈ లేఅవుట్ ముట్టుకోలేదు. చూపుడువేలు మీటల మీద దారి తప్పిన గొర్రెలా తిరిగింది.

"నడిమి వరస, మధ్యలో. కళ్లద్దాలు అలంకారానికా? ఏ. డీ. ఐ."

"ఐ ఏదీ?"

"పైన, కుడివైపు. బడిలో చేరిన మొదటిరోజు ఇలాగే ఏడ్చి ఉంటావు. వై. ఏ. పీ. ఈ. రెండు టీలు."

"ఇప్పుడా?"

"తాగేవి కాదు మరిదీ, కొట్టేవి!"

మిగతా అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి. గడియారం ముల్లు నిట్టనిలువుగా లేవబోతోంది. చివరి రెండక్షరాలు ఆమె చదవలేకపోయింది. అతనే చదువుకుని కొట్టాడు. ఎంటర్.

స్క్రీన్ ఖాళీ అయింది. కమాండ్ రద్దు.

అయిదు కొట్టింది. తలుపు తనంతట తానే క్లిక్‌మని తెరుచుకుంది. వరండా చివర ఎవరో బాత్‌రూమ్ కొళాయి కింద ముఖం కడుక్కుంటూ ఈలవేస్తున్నారు. వదిన గుమ్మంలో నిలబడి కాసేపు ఆ నీళ్ల చప్పుడు వింది. తర్వాత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసి అతని టూల్ బ్యాగ్‌లో స్క్రూడ్రైవర్ల మధ్య పడేసింది.

"పద. మా బాసు ఎక్కే ఫ్లైట్ నంబర్ నాకు తెలుసు," అంది.

గుండీలోని స్పీకరు గరగరమంది.

"రిపోర్ట్?" అన్నాడు చీఫ్.

"ఆగిపోయింది సార్. బాసు ఎయిర్‌పోర్టులో ఉన్నాడు. వదిన మనవైపే."

"కోడ్ చూశావా?"

"చూశాను."

"రూల్ తెలుసుగా. కోడ్ చూసినవాడు జరిగినదంతా మామూలు లేఅవుట్‌లో టైప్ చేసి గంటలో..."

పదివేళ్లు తన చూపుడువేలి వైపు చూసుకున్నాడు.

"ఎల్లుండి ఇస్తాను సార్."