తెలుగు లైన్ తెగిన శుక్రవారం

శుక్రవారం ఉదయం ఏడూ పన్నెండు. పోర్ట్ క్లాంగ్ లోకల్ రైలు స్టేషన్లో రెండో ప్లాట్‌ఫారం మీద అచ్చయ్య రైలు కోసం నిలబడి ఉన్నాడు. ఒక చేతిలో టిఫిన్ బాక్సు, రెండో చేతిలో రంబుటాన్ పళ్ల సంచీ. హెల్మెట్ కూడా తీయని మనిషొకడు ఆయన్ని రాసుకుంటూ నడిచి వెళ్లిపోయాడు. అచ్చయ్య భుజం తడుముకున్నాడు, ఏదో కుట్టిందనుకున్నాడు, బెంచీ మీద కూలబడ్డాడు. రైలొచ్చి, జనం ఎక్కి, రైలు కదిలాక కూడా ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు. అరవై ఒక్క ఏళ్ల గోడౌన్ గుమాస్తా గుండె ఆగి పోయాడని స్టేషన్ వాళ్లు రాసుకున్నారు.

గంటన్నర తర్వాత కౌలాలంపూర్‌లో ఒక టైలర్ షాపు మేడ మీద ఇంటెలిజెన్స్ డైరెక్టర్ వీరాస్వామి ఆ రిపోర్టును చెత్తబుట్టలో వేశాడు. భుజంలో సూది గుచ్చిన గుర్తు ఉంది. పోర్టు ద్వారా ఆయుధాలు దాటించే విదేశీ ముఠా ఆర్కిడ్ రింగ్ సంతకం అది. అచ్చయ్య గుమాస్తా ఉద్యోగం చేస్తున్నది ఆ రింగ్ గోడౌన్లోనే, జీతం తీసుకుంటున్నది మాత్రం రెండు చోట్ల.

ఎదురుగా కూర్చున్నది ఏజెంట్ కె-ఫోర్. అసలు పేరు శ్రీకుమార్. నలభై ఆరేళ్లు, పదిహేడేళ్ల సర్వీసు. డిపార్ట్‌మెంట్‌లో అతనికి పేరు తెచ్చింది పిస్తోలు కాదు, మాతృభాష. మలేషియాలో ఇద్దరు తెలుగువాళ్లు బస్సులో కూర్చుని ఎవరి గుట్టయినా హాయిగా మాట్లాడుకుంటారు. పక్కనున్న మలయ్ వాళ్లకి అర్థం కాదు, చీనా వాళ్లకి అర్థం కాదు, తమిళుడు సగం విని ఊరుకుంటాడు. ఆ ధైర్యాన్నే శ్రీకుమార్ ఆయుధం చేశాడు. సుంగై సిపుట్ రబ్బరు ఎస్టేటు కుటుంబాల నుంచి ఏడుగుర్ని ఏరుకుని రింగ్ లోపల పెట్టాడు. సైఫర్లు లేవు, ఎన్‌క్రిప్షన్ లేదు. మామూలు ఫోన్, ముత్తాతల కాలంలో ఓడ దిగిన తెలుగు. ఫైళ్లలో దాని పేరు తెలుగు లైన్. ఈ ఎస్టేటు తెలుగు నేర్చిన మెషీన్ ప్రపంచంలో లేదని వీరాస్వామి మంత్రుల దగ్గర కూడా గొప్పలు పోయేవాడు.

ఈ రోజు ఆ గొప్పలు లేవు. మిగిలిన ఆరుగురిలో ఇద్దరు ఇప్పుడు రింగ్ గోడౌన్లోనే డ్యూటీలో ఉన్నారని, గేటు దగ్గరే ఫోన్లు లాక్కుంటారు కాబట్టి అయిదింటి దాకా వాళ్లకి కబురు పెట్టే దారి లేదని ఆయన చెప్పాడు.

"లైన్ లీకయింది. ఎవడు సెప్పినాడో నాకు కావాల," అన్నాడు వీరాస్వామి. "రింగ్ లోపల మనకి ఇంకో మనిషి ఉంది, శ్రీ. పదకొండున్నరకి కలువు. పేరు మోహనప్రియ. అందంగా ఉంటాది, ఎవరి పక్షమో దేవుడికే తెలవాల."

*

మోహనప్రియ చేసే పని బడులకి సాఫ్ట్‌వేర్ అమ్మడం. సాఫ్ట్‌వేర్ పేరు రాజిన్. మలయ్‌లో బుద్ధిగా కష్టపడేవాడని అర్థం. రెండేళ్లుగా అనేక బడుల్లో అది తప్పనిసరి. పిల్లలు రోజూ ఇంట్లో నలభై నిమిషాలు లాప్‌టాప్ ముందు కూర్చోవాలి. కెమెరా ఆన్‌లో ఉండాలి. చూపు పక్కకి పోతే శ్రద్ధ స్కోరు తగ్గుతుంది. ఆవులిస్తే తగ్గుతుంది. ఇంట్లో ఎవరైనా దగ్గినా తగ్గుతుంది. ముప్ఫై తొమ్మిదో నిమిషంలో వైఫై పోతే మొదటి ప్రశ్న నుంచి మళ్లీ మొదలు. తెర మూలన కంచిల్ అనే బుల్లి జింక బొమ్మ ఒకటి తల ఊపుతూ ఫోకస్ ప్లీజ్ అంటూ ఉంటుంది. ఆ బొమ్మని చూస్తేనే దేశంలో సగం మంది పిల్లలకి ఒళ్లు మండేది.

శ్రీకుమార్‌కి ఇదంతా బాగా తెలుసు. అతని కూతురు షర్మిల ఫారం టూలో, అంటే ఎనిమిదో తరగతిలో ఉంది. రెండేళ్లుగా ఆ పిల్ల ఏడ్చింది, మొత్తుకుంది, ఒకసారి మౌస్ గోడకేసి కొట్టింది. రూల్ అంటే రూలే అని అతను కుర్చీ లాగి కూర్చోబెట్టాడు. భార్య సింగపూర్ ఆస్పత్రిలో నర్సు, శని ఆదివారాలే వస్తుంది. ఆవిడ చేసే గారాబం వారంలో మిగతా రోజులు చెల్లదన్నాడు.

పదకొండున్నరకి ఒక బడి హాల్లో టీచర్లకి ట్రైనింగ్ జరుగుతోంది. వేదిక మీద మెరూన్ చీర, హై హీల్స్, చేతిలో లేజర్ పాయింటర్‌తో మోహనప్రియ. ప్రొజెక్టర్ మెకానిక్ వేషంలో శ్రీకుమార్ నిచ్చెన మోసుకుని లోపలికి వచ్చాడు. తెల్ల మీసం, బొజ్జ, జేబులో సిగ్నల్ జామర్ దాచిన స్క్రూడ్రైవర్.

"నీలం రావడం లేదన్నారు మేడం."

"పచ్చ వస్తే చాలు," అంది ఆమె. కోడ్ సరిపోయింది.

ప్రొజెక్టర్ గదిలో తలుపు మూశాక అతను జామర్ నొక్కాడు. లీక్ ఎవరని అడిగాడు. ఆమె జవాబు చెప్పకుండా లిప్‌స్టిక్ మూత విప్పింది. లోపల పెన్‌డ్రైవ్. దాన్ని తన టాబ్లెట్‌కి గుచ్చి ఇయర్‌ఫోన్ అతని చెవిలో పెట్టింది.

అతని గొంతే వినపడింది. "మావా, బుధవారం దిగిన పెట్టెల నంబర్లు సెప్పు." తర్వాత ఫోన్లోంచి సన్నగా అచ్చయ్య గొంతు. వెనకాల కంచిల్ జింక ఫోకస్ ప్లీజ్ అంటోంది.

శ్రీకుమార్ నిచ్చెన మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఎన్నోసార్లు షర్మిల చదువుకుంటున్న గదిలో అటూ ఇటూ తిరుగుతూ అతను ఫోన్ మాట్లాడాడు. తెలుగే కదా అనుకున్నాడు. ఎదుటివాళ్ల ఇళ్లలో చెవులు పెట్టడమే వృత్తిగా బతికినవాడు తన ఇంట్లో చెవిని తనే కుర్చీ వేసి కూర్చోబెట్టాడు.

మోహనప్రియ చెప్పిన మిగతా సంగతి అంతకన్నా ఘోరం. రాజిన్ కంపెనీలో సగం వాటా ఆర్కిడ్ రింగ్‌దే. ఇళ్లలో మాటలన్నీ రికార్డవుతాయి. మలయ్, ఇంగ్లీషు, మాండరిన్, తమిళం మెషీన్‌కి వచ్చు. తెలుగు రాదు కాబట్టి మొదట్లో దాన్ని వట్టి రొదగా లెక్కేసి, పిల్ల స్కోరు తగ్గించి పక్కన పడేసేది. తర్వాత తెలుగు నేర్పే గురువు ఒకరు దొరికారు.

"మీ ఇంటి భాష అని ఒక ప్రాజెక్ట్ ఇచ్చాం, గుర్తుందా?" అంది ఆమె.

గుర్తుంది. ఇంట్లో పెద్దవాళ్ల చేత ఒక్కో నిమిషం మాట్లాడించి రికార్డు చేయాలి. రాజిన్‌లో షర్మిల ఇష్టంగా చేసిన పని అదొక్కటే. నాయనమ్మ దాలమ్మని పక్కన కూర్చోబెట్టుకుని రెండు వందల పన్నెండు ముక్కలు తీసింది. రబ్బరు పాలు తీసే కత్తి ఎలా పట్టాలి, వానలో మంట ఎలా రాజెయ్యాలి, దొర ముందు ఎలా నవ్వు ఆపుకోవాలి, పక్కింటి పిల్లిని ఎలా తిట్టాలి. ఆ పిల్లకి మొట్టమొదటి పచ్చ నక్షత్రం వచ్చింది. దాలమ్మ ఆ సర్టిఫికెట్‌ని దేవుడి పటం పక్కన పెట్టుకుంది. ఎనిమిది నెలల క్రితం ఆవిడ పోయింది.

ఆ రెండు వందల పన్నెండు ముక్కలతో మెషీన్ ఎస్టేటు తెలుగు నేర్చుకుంది. మొన్న పరీక్షగా ఒక్క కాల్ వినిపించారు. అచ్చయ్య దొరికాడు. ఈ రోజు సాయంత్రం నాలుగింటికి రెండేళ్ల కాల్స్ అన్నీ ఒక్కసారే దానికి వినిపిస్తారు. నాలుగూ ఒకటికల్లా ఆరు పేర్లు రింగ్ చేతిలో ఉంటాయి.

ఆపే దారి ఒకటుందని ఆమె చెప్పింది. చట్టం అడిగింది కాబట్టి కంపెనీ ఒక ఉపసంహరణ ఫారం పెట్టింది, పదకొండు పేజీల అడుగున దాచింది. తండ్రి వేలిముద్ర, పిల్ల ముఖం రెండూ కావాలి. పిల్ల శ్రద్ధ స్కోరు నాలుగు నిమిషాల పాటు తొంభై అయిదుకి తగ్గకూడదు. అప్పుడు ఆ అకౌంట్, కాల్స్, నాయనమ్మ ఫోల్డర్, దాంతో మెషీన్ నేర్చిన తెలుగు అన్నీ పోతాయి.

ఫోల్డర్ కాపీ తీయొచ్చా అని అతను అడిగాడు. తీయబోతే అలారం మోగి, కాల్స్ వినిపించడం ఆ నిమిషమే మొదలవుతుందంది. ఒక్క ముక్కయినా విని ఫోన్లో పట్టుకోవచ్చా అన్నాడు. ఉదయం నుంచీ ఫోల్డర్‌కి తాళం వేశారని, ఇప్పుడది వినడానికి తెరుచుకోదని చెప్పింది.

"ఇదంతా నాకెందుకు చెప్తున్నావు?"

ఆమె లిప్‌స్టిక్ మూత బిగించింది. "క్వాలిటీ చెక్ అని ఆ ముక్కలన్నీ నా చేత వినిపించారు. నాకు తెలుగు అర్థం అవుతుంది, మాట్లాడటం రాదు. మా అవ్వ పోయాక మా ఇంట్లో ఎవరూ అలా మాట్లాడలేదు."

*

వాన, ఫెడరల్ హైవే, బోల్తాపడిన లారీ. శ్రీకుమార్ ఇంటికి చేరేసరికి మూడూ నలభై. షర్మిల యూనిఫాం మార్చుకోకుండానే లాప్‌టాప్ ముందు కూర్చుని ఉంది.

ఆ పిల్ల ఎందుకు కూర్చుందో అతనికి తెలుసు. నలభై నిమిషాలు అరవైకి తగ్గకుండా స్కోరు నిలబెడితే బహుమతిగా పాత ఫైలొకటి తెరవనిస్తుంది రాజిన్. నాయనమ్మ గొంతు ఒక్క నిమిషం వినడానికి ఆ పిల్ల రోజూ తను అసహ్యించుకునే జింక ముందు నలభై నిమిషాలు కూర్చుంటోంది. చాలా రోజులు చివర్లో స్కోరు పడిపోయేది, వినకుండానే పడుకునేది. ఇంట్లో వేరే రికార్డింగ్ లేదు. పెళ్లి వీడియోల్లో దాలమ్మ నోరు కదులుతుంది, వినపడేది బ్యాండు. ఉద్యోగం పేరు చెప్పి, బడి ప్రాజెక్ట్‌కి తప్ప ఇంట్లో ఎవర్నీ రికార్డు చేయనివ్వనిది శ్రీకుమారే.

అతను మీసం పీకేసి లాప్‌టాప్ మూత వేశాడు. చెప్పాల్సింది చెప్పాడు. ఆ పిల్ల వినీ వినగానే కుదరదంది.

"తక్ బోలే. నేను సెయ్యను, నాన్నా. ఇంకేదైనా అడుగు."

"అచ్చయ్య తాత పోయినాడమ్మా. పొద్దున. నా వల్లే. నా ఫోన్ విని సంపేసినారు."

రంబుటాన్ పళ్లు లేకుండా ఎప్పుడూ ఈ గుమ్మం తొక్కని ముసలాయన. షర్మిల లాప్‌టాప్‌ని దగ్గరికి లాక్కుంది. తర్వాత మలయ్ వదిలేసి, నాయనమ్మ దగ్గర పట్టుకున్న తెలుగులో, మెల్లగా అంది.

"నేను సెప్పినాను కదా. ముందు నువ్వు ఫోన్ మాటాడితే నా స్కోరు పడిపోయేది. రెండు నెలల్నించి పడ్డంలేదు. ఇది ఇంటాంది నాన్నా అని సెప్పినాను. నువ్వేటన్నావు? సదవకపోడానికి సాకులన్నావు."

పదిహేడేళ్లలో శ్రీకుమార్‌కి అందిన అతి ముఖ్యమైన ఇంటెలిజెన్స్ రిపోర్టు పద్నాలుగేళ్ల కూతురు భోజనాల బల్ల దగ్గర ఇచ్చింది. అతను దాన్ని సాకు కింద ఫైల్ చేశాడు.

మూడూ యాభై రెండుకి ఆ పిల్ల తనే మూత ఎత్తింది.

పదకొండు పేజీలు దాటేసరికి మూడూ యాభై అయిదూ నలభై. శ్రీకుమార్ బొటనవేలు ప్యాడ్ మీద పెట్టాడు. స్కోరు తొంభై ఎనిమిది. తెర మీద ఫైళ్ల జాబితా వచ్చి పైనుంచి ఒక్కొక్కటే మాయమవడం మొదలుపెట్టింది. పేర్లన్నీ షర్మిల పెట్టినవే. నాయనమ్మ రబ్బరు కత్తి. నాయనమ్మ వాన. నాయనమ్మ నవ్వు ఒకటి, నవ్వు రెండు. చూపు పక్కకి పోకూడదు కాబట్టి ఆ పిల్ల అన్నీ చదువుతోంది.

రెండో నిమిషానికి కళ్లు నిండాయి. తుడుచుకుంటే చెయ్యి అడ్డమొచ్చి స్కోరు పడుతుంది. తొంభై ఆరు. శ్రీకుమార్ ఒక్క మాట ఓదార్పుగా అందామన్నా మైకు వింటోంది. వేలు కదపకూడదు. తూటాలకి వెన్ను చూపని మనిషి అక్కడ నిలబడి, ఏడవద్దమ్మా అని కూడా అనలేక కూతురు ముఖం చూస్తూ ఉన్నాడు.

తొంభై అయిదు. మూడూ యాభై తొమ్మిది ముప్ఫై. అంకె వణికింది. షర్మిల పెదవి పళ్ల కింద పెట్టుకుని కళ్లు ఇంకా పెద్దవి చేసింది. రెండు బొట్లు వాటంతటవే జారిపోయాయి, చూపు తేటపడింది. తొంభై ఏడు. నాయనమ్మ పిల్లిని తిట్టింది. అదే ఆఖరి ఫైలు. మూడూ యాభై తొమ్మిది నలభైకి అదీ పోయింది.

కంచిల్ జింక తెర మధ్యకి గెంతి చిందులేసింది. అభినందనలు షర్మిలా, నీ జీవితంలోకెల్లా ఉత్తమ స్కోరు, అని పచ్చ నక్షత్రం ఇచ్చింది. ఆ తర్వాత తెర నల్లబడింది. నాలుగూ రెండుకి వీరాస్వామి ఫోన్ చేశాడు. మెషీన్‌కి తెలుగు పోయిందని మోహనప్రియ కబురు పెట్టింది, ఆరుగురూ క్షేమం. శభాష్ అన్నాడు.

షర్మిల అప్పుడు కళ్లు తుడుచుకుంది. "నాన్నా, నాయనమ్మ పిల్లిని ఎలాగ తిట్టేది? ఒకసారి అను."

శ్రీకుమార్ నోరు తెరిచాడు. వేషం వేసి ఏ దేశస్థుడి యాసలోనైనా మాట్లాడగలడు. తల్లి మాటలు ముక్కలు ముక్కలుగా గుర్తొచ్చాయి, ఆవిడ గొంతు మాత్రం రాలేదు. రెండుసార్లు ప్రయత్నించి ఊరుకున్నాడు. ఆ పిల్ల అతని చెయ్యి పట్టుకుని, పరవాలేదు లా, అని మలేషియా వాళ్ల తీరులో అంది. అప్పుడు అతను పిల్లకన్నా గట్టిగా ఏడ్చాడు.

నాలుగూ ఇరవైకి బడి నుంచి మెసేజ్ వచ్చింది. సాంకేతిక కారణాల వల్ల రాజిన్ నిలిపివేస్తున్నాం, సోమవారం నుంచి వేరే సాఫ్ట్‌వేర్ తప్పనిసరి, రోజుకు యాభై నిమిషాలు. కింద అంగీకరిస్తున్నాను అన్న బటన్ ఒక్కటే ఉంది. ఒప్పుకోననే రెండో బటన్ ఎక్కడ దాచారో కనిపెట్టడానికి ఏజెంట్ కె-ఫోర్‌కి సోమవారం ఉదయం దాకా గడువుంది.