ఆవిరి గదిలో కుక్క

రాత్రి పన్నెండు దాటితే ఆ గదిలో కుక్క మొరుగుతుందని ఆస్పత్రంతా చెప్పుకునేది. పిల్లల వార్డుకి సరిగ్గా కింద, దుప్పట్ల స్టోరు పక్కన ఉండే పాత ఆవిరి గది అది. తీరా పగలు తలుపు తీసి చూస్తే కుక్క కాదు కదా, కుక్క వెంట్రుక కూడా ఉండేది కాదు.

ఆ గదికి చెడ్డపేరు ఊరికే రాలేదు. వెనకటి రోజుల్లో దగ్గుతో ఊపిరాడని పిల్లల్ని అక్కడికి ఎత్తుకొచ్చి ఆవిరి పట్టేవాళ్లు. కదల్చలేని బిడ్డ ఉంటే, గోడలోంచి పైకి వేసిన ఇనుప గొట్టం ఆ ఆవిరిని వార్డులో చివరి మంచం దాకా తీసుకెళ్లేది. ఒక రాత్రి మరిగే నీళ్లు ఒలికి ఒక పాప ఒళ్లు కాలిపోయింది. దాంతో ఆవిరి మానేశారు, గది మూసేశారు. నీళ్లు కాచే ముసలి ఆయా ఆ దిగులుతోనే పోయిందంటారు. కథకి కాళ్లూ చేతులూ అతికించడం మనవాళ్లకి వెన్నతో పెట్టిన విద్య కాబట్టి, నిజమెంతో చెప్పినవాళ్లకే తెలియాలి.

ఆ వార్డులో కొత్తగా చేరిన నర్సుని అందరూ చిన్న సిస్టర్ అనేవాళ్లు. పరీక్షల్లో ఫస్టు వచ్చిన పిల్ల. ఆ గర్వం కాస్త ముక్కు మీద ఉండేది కూడా. ఏ జబ్బు పేరు చెప్పినా లక్షణాలు గడగడా అప్పజెప్పేది. పెద్ద సిస్టర్ మాత్రం ఆమెకి ఒకటే మాట చెప్పేది. "ఏడ్చే బిడ్డ కాసేపు ఆగుతాడమ్మా. ఏడవని బిడ్డ దగ్గరికి ముందు వెళ్లు."

ఆ రాత్రి వార్డులో తొమ్మిది మంది పిల్లలు. విరేచనాలు, జ్వరాలు, ఒక ఉబ్బసం. చివరి మంచం మీద రెండేళ్ల బాబు, సాయంత్రమే చేరాడు, జలుబూ జ్వరమూ. ఏడుపు బొంగురుగా ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు పోయిందనుకుని, కాగితం మీద 'గొంతు బొంగురు' అని రాసి చిన్న సిస్టర్ పక్క మంచానికి వెళ్లిపోయింది. రెండు రాత్రులుగా నిద్ర లేని బాబు తల్లి మంచం అంచున తల వాల్చి అలాగే నిద్రపోయింది.

ఒంటిగంట దాటాక విరేచనాల పాప ఉన్న ఒక్క దుప్పటీ పాడుచేసింది.

"కిందకెళ్లి దుప్పట్లు తెస్తా. ఐదు నిమిషాలు, చూస్తూ ఉండు" అంది చిన్న సిస్టర్ రాత్రి డ్యూటీలో ఉన్న ఆయమ్మతో.

ఆయమ్మకి ఒక చెవి వినపడదు. రెండోది ఆవిడకి ఇష్టమైనప్పుడు వినపడుతుంది. "ఆ గది వైపు మాత్రం చూడకు తల్లీ" అంది గుసగుసగా. చిన్న సిస్టర్ నవ్వుకుంటూ మెట్లు దిగింది. ఫోను బల్ల మీదే ఛార్జింగులో ఉండిపోయింది.

దుప్పట్లు చంకన పెట్టుకుని స్టోరు బయటికి వచ్చిందో లేదో —

భౌ.

ఆగింది. మూసిన తలుపు వెనకనుంచే... మళ్లీ. భౌ... భౌ. బొంగురుగా, పొడిగా, ఏదో డబ్బాలోంచి వస్తున్నట్టు.

గుండె ఝల్లుమన్న మాట నిజమే. కానీ ఆ పిల్ల లెక్క వేరు. దెయ్యమైతే దాని గోల అది పడుతుంది. నిజం కుక్కయితే మెట్లెక్కి పిల్లల మీద పడుతుంది. గడియ తీసి, గుమ్మం దాటి రెండడుగులు లోపలికి వేసింది.

వెనక తలుపు మూసుకుంది. బయట గడియ టక్కున పడింది.

తిరిగి తలుపు తడిమింది. లోపల పిడి లేదు. ఆవిరికి భయపడి పిల్లలు పారిపోకుండా ఆ రోజుల్లో అలాగే చేయించారట. నున్నటి చెక్క, అంతే. అరిచేతులతో బాదింది, భుజంతో నెట్టింది, పిలిచింది. స్టోర్ల వైపు ఆ వేళప్పుడు పిట్ట కూడా ఉండదు. వాచ్‌మన్ గేటు దగ్గర. పైన తొమ్మిది మంది పిల్లలు, వాళ్లకి కాపలా ఒక చెవిటి ఆయమ్మ. ఎంతసేపు బాదిందో, చేతులు మండిపోయాయి.

ఆయాసంతో ఆగేసరికి — భౌ.

ఈసారి తల మీదనుంచి. గదిలో కుక్క లేదు. గోడలోంచి పైకి పోయిన గొట్టంలో ఉంది ఆ మొరుగుడు.

కాలికి తగిలిన ముక్కాలిపీట ఎక్కి గొట్టం మూతికి చెవి ఆనించింది. ఇనుము గోరువెచ్చగా ఉంది. తన చెవి వేడే అనుకుంది. మొరిగిన ప్రతిసారీ వెనకాలే ఒక ఈల... లోపలికి లాగే ఊపిరి వేసే ఈల.

అప్పుడు తెలిసింది. 

క్రూప్. గొంతు లోపల వాచి, ఊపిరి దారి సన్నబడే జబ్బు. కుక్క మొరిగినట్టు దగ్గు, బొంగురు గొంతు, ఊపిరి తీస్తే ఈల. పరీక్షలో ఈ ప్రశ్నకి పదికి పది వచ్చాయి ఆమెకి. చదివింది గానీ చెవులతో ఎప్పుడూ వినలేదు. బొంగురు అని తన చేత్తోనే రాసి వదిలేసింది. ఇన్నేళ్లూ ఆ గదిలో మొరిగింది చివరి మంచం మీది పిల్లలే. జబ్బు పేరు తెలిసినవాళ్లు ఈ గదికి రారు, గదికి వచ్చే ఊడ్చేవాళ్లకీ వాచ్‌మన్‌కీ జబ్బు పేరు తెలియదు.

దగ్గు తగ్గుతోంది. ఈల కూడా సన్నబడుతోంది.

తగ్గితే మంచిదని ఎవరైనా అనుకుంటారు. ఆమెకి మాత్రం పెద్ద సిస్టర్ మాట గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఏడవని బిడ్డ దగ్గరికి ముందు వెళ్లు... వెళ్లడానికి దారేది?

గొట్టంలోకి గట్టిగా అరవబోయి నోరు మూసుకుంది. అరిస్తే బాబు ఉలిక్కిపడతాడు. ఉలిక్కిపడితే ఏడుస్తాడు. ఏడిస్తే ఆ సన్నటి దారి ఇంకా బిగుసుకుపోతుంది. లోపలున్న భయమంతా మింగి, జోల పాడే గొంతుతో మాట్లాడాలి.

"అమ్మా... లేమ్మా..." అంది గొట్టంలోకి. "కంగారు పడకు. ఎక్కడికీ కదలొద్దు. బాబుని ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకో... పడుకోబెట్టొద్దు, ఏడిపించొద్దు. మంచం పక్కన గోడకి ఎర్ర మీట ఉంది... నొక్కు తల్లీ."

చెవి మళ్లీ గొట్టానికి ఆనించింది.

మళ్లీ చెప్పింది. మళ్లీ. చీకట్లో మెరిసే చేతి గడియారం ముల్లు చూస్తూ ఈలలు లెక్కపెట్టింది. అద్దం మసకబారుతుంటే వేలితో తుడుచుకుంది. చెమటే అనుకుంది. ఒక నిమిషం నిండడానికి ఒక జన్మ పట్టింది. తను ఇక్కడ నాలుగు గోడల మధ్య, వాడు అక్కడ తన గొంతులోనే... ఇద్దరికీ దారి లేదు.

అప్పుడు ఎక్కడో గంట మోగింది. ఎర్ర మీట నొక్కితే డాక్టరమ్మ గదిలో మోగే గంట. మెట్ల మీద పరుగు. కాసేపటికి గొట్టంలో డాక్టరమ్మ మాటలు, ఊపిరి మందు యంత్రం రొద. ఆ రొద మధ్యలో ఎంతసేపటికో ఒక ఏడుపు — బొంగురుదే, కానీ నిండుగా, మొండిగా, ఛాతీ నిండా గాలి పట్టి ఏడ్చే ఏడుపు. చిన్న సిస్టర్ పీట మీదే కూలబడి తనూ ఏడ్చింది.

డాక్టరమ్మే వెతుక్కుంటూ వచ్చి తలుపు తీసింది. ఆయమ్మ ఆవిడ వెనక, నాలుగు మెట్ల పైనే ఆగిపోయింది.

"తలుపు బాదుతుంటే వినపడలేదా?" అంది చిన్న సిస్టర్.

"వినపడింది తల్లీ" అంది ఆయమ్మ. "అందుకే రాలేదు."

పైన బాబు తల్లి భుజం మీద నిద్రపోతున్నాడు. ఊపిరి మెత్తగా ఆడుతోంది. చిన్న సిస్టర్ ఆ తల్లి ముందు నిలబడి ఏదీ దాచకుండా చెప్పేసింది. బొంగురు గొంతుని తేలిగ్గా తీసుకున్నది తనే, కింద చిక్కుకున్నది తనే, గోడలోంచి మాట్లాడింది కూడా తనే. "దెయ్యం అనుకుని భయపడ్డారేమో, నేనేనమ్మా."

"మిమ్మల్ని గుర్తుపట్టానమ్మా" అంది ఆ తల్లి. "ఎర్ర మీట నొక్కమన్న గొంతు మీదే. కానీ నన్ను నిద్ర లేపింది మీరు కాదుగా... మీకు ముందు ఒక ముసలావిడ పిలిచింది."

"ముసలావిడా?"

"అదే గోడలోంచి. నీళ్లు మరిగాయి, బిడ్డని కిందకి ఎత్తుకురా అంది. ఎంత ప్రేమగా పిలిచిందని! బాబుని ఎత్తుకుని లేచాను కూడా. ఇంతలో మీరు, ఎక్కడికీ కదలొద్దన్నారు... ఆవిడెవరమ్మా?"

చిన్న సిస్టర్ బాబు ఊపిరి లెక్కపెట్టి రాద్దామని చేతి గడియారం పైకెత్తింది. అద్దం మసకగా ఉంది. వేలితో తుడిచింది. పోలేదు. ఆవిరి అద్దానికి లోపల వైపు పట్టి ఉంది.