అరుణపురంలో మోదుగుపూల పోటీ

క్రీ.శ. 2094 నాటికి అంగారకుడి మీద చెట్టు పూయాలంటే నీళ్ళూ ఎరువూ చాలవు. మనిషి వచ్చి దాని దగ్గర మనసారా మాట్లాడాలి. అక్కడి అరుణపురం ఊరి జనం మొక్కల్ని గాలికొదిలేస్తున్నారని విసిగిపోయి, వృక్షశాస్త్రవేత్త కుముద్వతి చేసిన ఏర్పాటిది. ఆమె కనిపెట్టిన 'భావగ్రాహి' యంత్రం గొంతులోని నిజమైన ఆవేశాన్ని కొలుస్తుంది. కొలత అరవై దాటితేనే పూతకు కావలసిన హార్మోన్‌ను వేళ్ళకు వదులుతుంది. ఉత్తుత్తి మాటలకు లొంగదు, కనిపెట్టిన ఆమెకైనా సరే.

ఆ తెలివే ఇప్పుడామె పీకల మీదికొచ్చింది. గాజు గుమ్మటం కింద పన్నెండు మోదుగులు నల్లటి మొగ్గలతో నిలబడ్డాయి. సాయంత్రం ఐదులోగా విచ్చకపోతే మొగ్గలన్నీ రాలిపోతాయి. ఇక గింజ లేదు, మొలక లేదు. ఆ గ్రహం మీద మోదుగు జాతికి అదే ఆఖరు. పదకొండేళ్ళుగా వాటిని సాకింది కుముద్వతి.

అందుకే ఉగాది కవితల పోటీ, తొలిపువ్వు ఫొటోల పోటీ పెట్టించింది. ఊరంతా కెమెరాలతో దిగింది. నలభై మంది చదివారు. వసంతాన్ని రమ్మన్నారు, కోయిలను కూయమన్నారు. వీళ్ళలో ఒక్కరు కోయిలను చూసుంటే ఒట్టు!

"ఎంతొచ్చింది?" అంది కుముద్వతి.

"తొమ్మిది దాటలేదు," అంది భావగ్రాహి.

"ఉండు, నేను చదువుతా." తను రాసుకొచ్చిన కవిత చదివింది. "ఇప్పుడో?"

"పన్నెండు. పదాలు బాగున్నాయి డాక్టర్ గారూ. ఆవేశం లేదు."

"నీ కొలత బంగారంగానూ!"

నాలుగూ నలభై అయింది. న్యాయనిర్ణేత, గాలి సరఫరా అధికారి పరబ్రహ్మంగారు లేచారు. "పువ్వే లేదు గనక ఫొటోల పోటీ రద్దు. కవితల్లో మొదటి బహుమతి చిరంజీవి వల్లభరావుకి."

వల్లభరావు ఆయన బావమరిది.

"ఏందన్నా ఇది!" అని అరిచాడు వెల్డర్ తిరుపాలు. "వాడు చదివిందే నాలుగు లైన్లు. అందులో రెండు నావి!"

గుమ్మటం దద్దరిల్లింది. ఒకరినొకరు తోసుకున్నారు. సాక్ష్యం ఉండాలని అందరూ కెమెరాలు తగువు మీదికే తిప్పారు.

"ముప్పై ఒకటి," అంది భావగ్రాహి. "నలభై ఎనిమిది."

కుముద్వతి నోరు తెరిచింది. ఈ జనానికి గుండెల్లో ఏమీ లేదని ఇన్నాళ్ళూ కుమిలిపోయింది. ఉన్నదేమిటో ఇప్పుడు తెలిసింది. 'అరవండి నాయనా, అరవండి!' అని లోలోపల మొక్కుకుంది. యాభై ఏడు దగ్గర అంకె ఆగిపోయింది. తిరుపాలుకు దగ్గుతెర వచ్చింది. ఇంకా నాలుగు నిమిషాలే ఉన్నాయి.

జనాన్ని చల్లార్చడానికి పరబ్రహ్మంగారు చెమట తుడుచుకుంటూ ప్రోత్సాహక బహుమతులు చదివారు. ముప్పై తొమ్మిది పేర్లు. తిరుపాలుతో సహా అందరివీ ఉన్నాయి. కుముద్వతి పేరు లేదు.

"మరి నాది?" అంది ఆమె.

"మీరు నిర్వాహకులు కదమ్మా, మీకెందుకులే అని..."

"ఎందుకులేనా! అందరికంటే ఎక్కువ నాకొచ్చింది. పన్నెండు! కావాలంటే యంత్రాన్నడగండి! ప్రోత్సాహకానికి కూడా పనికిరానా నేను?"

"అరవై నాలుగు," అంది భావగ్రాహి.

కొమ్మకొమ్మకూ మొగ్గలు విచ్చుకున్నాయి. చూస్తుండగానే గుమ్మటమంతా ఎర్రబడింది. చూసేవాళ్ళే లేరు.

"డాక్టర్ గారూ, మోదుగులు పూశాయి. ఒక్కసారి ఇటు చూడండి," అంది భావగ్రాహి.

"ఆగవయ్యా!" అంది కుముద్వతి, వెనక్కి తిరక్కుండానే. "ముందు ఈయన సంగతి తేల్చనీ."