ముత్యాలు మింగేసిన వాక్యం

తామ్రగిరి రాజ్యంలో పులులుండేవి, దొంగలుండేవి, అప్పుడప్పుడు కరువు కూడా వచ్చి పోయేది. కానీ జనం వీటన్నిటికన్నా ఎక్కువగా భయపడేది ఉన్నత పాఠశాల వార్షికోత్సవంలో చదివే వందన సమర్పణకి. అది నాలుగు పేజీలుండేది. ఒక ఏడాది అది వింటూ కూర్చున్న కుర్రాడు లేచి ఇంటికెళ్ళేసరికి గడ్డం మోకాళ్ళదాకా పెరిగిందట. నేను కొలవలేదు. కొలిచినవాళ్ళు చెప్పారు.

ఆ ఏడాది ఆ నాలుగు పేజీలూ చదివే పని తొమ్మిదో తరగతి ముత్యాలుకి పడింది. ఏ బహుమతీ రానివాళ్ళకే ఆ పని అప్పగించడం బడి ఆనవాయితీ. ఆటలప్పుడు ముత్యాలు సున్నంతో గీతలు గీసేది. వక్తృత్వ పోటీల్లో టైమయిపోగానే గంట కొట్టేది. గెలిచినవాళ్ళకి నిమ్మరసం అందించేది. గెలిచేది మాత్రం ఆమె అక్క రత్నాలు. పదో తరగతి, కబడ్డీ కెప్టెన్. ఆ రోజు రత్నాలుకి మహారాజు తన చేతులమీదుగా మూడు గిన్నెల స్టీలు క్యారియరు ఇచ్చాడు. వక్తృత్వంలో మూడోస్థానం వచ్చిన యువరాజు చంద్రకేతుకి సబ్బుపెట్టె దక్కింది. పెద్దవాళ్ళకి సరదాగా పెట్టిన కుర్చీలాటలో సేనాపతి గెలిచి ఇత్తడి బకెట్టు పట్టుకుపోయాడు.

అసలు సంగతి ఇప్పుడొస్తుంది. వందన సమర్పణ మొదలవగానే వెనకనుంచి కారబ్బూంది పొట్లాలు పంచేవారు. చదివేవాళ్ళు వేదిక దిగేసరికి బుట్ట ఖాళీ. నూరేళ్ళుగా వందన సమర్పణ చేసిన ఏ ఒక్కరూ ఆ బూంది రుచి చూడలేదు.

ముత్యాలు నాలుగో పేజీ చివరికొచ్చి తలెత్తింది. జనమంతా లేచారు. అందరికన్నా ముందు మహారాజు లేచాడు. బుట్టలో మూడు పొట్లాలున్నాయి. కాయితంలో ఒక్క వాక్యం మిగిలింది: ‘చివరగా, మనకీ మైదానం ఇచ్చిన బండోదరుడిగారికి వందనాలు.’ ఆ బండోదరుడెవరో ముత్యాలుకి తెలీదు. ఎవరికీ తెలీదు. ఆ వాక్యాన్ని గుటుక్కున మింగేసి, కాయితం మడిచి, వేదికమీంచి ఒక్క దూకు దూకింది.

పొట్లం చేతికి తగిలేలోపే నేల అదిరింది. తూర్పు కొండలనుంచి ఒక గొంతు వచ్చింది.

"నా పేరు మింగిందెవరు?"

బహుమతులు వచ్చిన నలభైముగ్గురూ టప్పుటప్పున మాయమయ్యారు. అంతకుముందు రత్నాలు చేతిలో క్యారియరు ఉంది. ఇప్పుడు క్యారియరు ఉంది, రత్నాలు లేదు. యువరాజు నిలబడ్డచోట సబ్బుపెట్టె. సేనాపతి కూర్చున్నచోట బకెట్టు, దానికి అచ్చం ఆయన మీసాల్లాంటి వంపు తిరిగిన పిడి.

"మింగిన పిల్లే నా గుహకి రావాలి," అంది ఆ గొంతు. "వీళ్ళకి దక్కాల్సింది వీళ్ళకి దక్కింది. మూడోరోజు ఇంటి బెల్లు కొట్టేలోపు నాకు దక్కాల్సిన మాట నాకు దక్కాలి. లేకపోతే వీళ్ళు వస్తువులుగానే ఉండిపోతారు."

మహారాజు సబ్బుపెట్టెని గుండెకి హత్తుకుని హెడ్మాస్టరు శేషాచార్యులుగారి వైపు తిరిగాడు. "మాస్టారూ, మూడోరోజు ఆ బెల్లు కాస్త ఆలస్యంగా కొట్టిస్తారా?"

"ప్రభూ, నా తల తీసేయండి," అన్నారు మాస్టారు. "ముప్ఫై ఏళ్ళుగా నాలుగంటే నాలుగింటికే కొడుతున్నాను. బెల్లు మాత్రం ఆగదు."

తల తీసేసినా ఆయన నాలుగింటికి వచ్చి బెల్లు కొట్టి మరీ వెళతారని అందరికీ తెలుసు. అందుకని మహారాజు ఊరుకున్నాడు.

ముత్యాలు క్యారియరు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. లోపల గిన్నెలు కోపంగా గలగలలాడాయి. అక్క ఉంది. "తప్పు నాది. నేనే వెళ్తాను," అంది ముత్యాలు. సున్నం సంచి భుజాన వేసుకుని, క్యారియరు పట్టుకుని అడవిలోకి నడిచింది.

రెండోరోజు పొద్దున్న ఇరుకు దారిలో ఒక పులి అడ్డంగా పడుకునుంది. అది ఎంత పెద్దదంటే, దాని తోక దగ్గర వాన పడుతుంటే మూతి దగ్గర ఎండ కాస్తోంది.

"ఎక్కడికమ్మాయ్?"

"బండోదరుడి గుహకి."

"నాతో కబడ్డీ ఆడి గెలిస్తే పో. ఓడావనుకో, మధ్యాహ్నం భోజనం గురించి నేను వెతుక్కోనక్కర్లేదు."

కబడ్డీలో ముత్యాలు అంతవరకూ చేసిన పని ఒక్కటే. ఆ పని మొదలుపెట్టింది. "గీతలు లేకుండా ఆటేమిటి? ఉండు," అని సున్నం సంచి విప్పి బరి గీసింది. ఆ గీతలు ఎంత తిన్నగా వచ్చాయంటే పక్కనున్న వంకర చెట్టు సిగ్గుపడి కాస్త నిటారుగా నిలబడింది.

పులి కూతకి వచ్చింది. "కబడ్డీ, కబడ్డీ, కబడ్డీ..." ఆ కూతకి ఆకులు రాలాయి. ముత్యాలు వెనక్కి వెనక్కి జరిగింది. మడమ అంచు గీతకి జానెడు దూరంలో ఆగింది. ఇంక జరగడానికి చోటు లేదు. అప్పుడు చేతిలో క్యారియరు ఎడమవైపుకి లాగినట్టు గల్లుమంది. ముత్యాలు ఆలోచించకుండా ఎడమకి పడిపోయింది. పంజా ఆమె జడని రాసుకుంటూ పోయింది. రిబ్బను తెగి గాల్లో ఎగిరింది. పులి ఆ ఊపులో ముందుకి జారి, తమాయించుకుని వెనక్కి తిరిగింది.

"మళ్ళీ ఆడదాం. ఈసారి దొరుకుతావ్."

"మళ్ళీ లేదు. నువ్వు గీత దాటావు."

"నేనా? ఎవరు చూశారు? పిల్లలంతే, ఓడిపోతుంటే తొండి మొదలెడతారు!"

"కాలు ఎత్తి చూసుకో."

పులి ముందుకాలు ఎత్తింది. అరికాలి నిండా తెల్లటి సున్నం. నమ్మకం కుదరక ఒకసారి నాకి చూసింది. నాలిక మండి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "సున్నమే," అని ఒప్పుకుని పక్కకి జరిగింది. "పో. ఈ సంగతి ఎలుగుబంటికి మాత్రం చెప్పకు."

ముత్యాలు పరుగెత్తింది. పరుగెత్తుతూ క్యారియరుని ఊపి చూసింది. గలగల వినిపించింది కానీ నిన్నటంత గట్టిగా లేదు.

మూడోరోజు పొద్దున్న రెండు కొండల మధ్య సందు దగ్గరికి వచ్చేసరికి లోపల్నుంచి పెనుగాలి కొట్టింది. అది గాలి కాదు, మాటలు. సందులో ఒక ముని నిలబడి ఉపన్యాసమిస్తున్నాడు. జడలు నేలని ఊడుస్తున్నాయి, పెదాలు ఎండి బీటలు వారాయి. "...కావున మౌనమే గొప్పది! మౌనం ఎందుకు గొప్పదో ఇంకా వెయ్యిన్నొక్క కారణాలు మనవి చేస్తాను! మొదటిది..." ఒక్కో మాట గులకరాయిలా వచ్చి తగులుతోంది. ముత్యాలు రెండడుగులు వేస్తే నాలుగడుగులు వెనక్కి పోయింది. మూడుసార్లు పాకింది, మూడుసార్లు దొర్లింది. ఎండ నడినెత్తికి వచ్చింది.

మునిది కోపం కాదని అప్పుడు గమనించింది. ఆయన కళ్ళు బతిమాలుతున్నాయి. వక్తృత్వ పోటీల్లో గంట ఇంకా కొట్టరేమా అని తనవైపు చూసే పిల్లల కళ్ళు అవే. కొట్టడానికి గంట లేదు. క్యారియరు పట్టీకి తగిలించిన స్టీలు గరిటె ఉంది.

"అక్కా, క్షమించవే," అని కళ్ళు మూసుకుని క్యారియరు మీద ఒక్కటి కొట్టింది. మాటల హోరులో అది వినపడలేదు. పళ్ళు బిగించి, ఇంకా గట్టిగా కొట్టింది.

ఠంగ్!

ముని మాట మధ్యలో ఆగిపోయాడు. "టైమయిందా?"

"అయింది తాతా. ఎప్పుడో అయింది."

"అమ్మయ్య!" అని ఆయన కూలబడ్డాడు. "మీ బళ్ళోనే మొదలుపెట్టానమ్మా. గంట కొట్టే అబ్బాయి నిద్రపోయాడు. జనం వెళ్ళిపోయారు, నన్ను ఆపినవాడు లేడు. మాట్లాడుతూ మాట్లాడుతూ అరవయ్యేళ్ళలో ఇక్కడిదాకా వచ్చేశాను. నీళ్ళున్నాయా?"

ముత్యాలు ఆకు దొన్నెతో నీళ్ళు పట్టింది. బండోదరుడు ఎవరని అడిగింది. నోరు తెరవాలంటే ఇప్పుడు మునికి భయంగా ఉంది. అందుకని క్లుప్తంగా చెప్పాడు. "మీ మైదానం ఉన్నచోట ఒక కొండ ఉండేది. అది అతని ఇల్లు. ఆ వాలులో ఆడుకుంటూ పిల్లలు జారి ఏట్లో పడుతున్నారని, పన్నెండురోజులు తన ఇంటిమీద తనే పొర్లి పొర్లి దాన్ని చదును చేశాడు. మా తాత కళ్ళారా చూశాడు. ఇక మాట్లాడించకమ్మా, వెళ్ళు."

ముత్యాలు కొండెక్కుతూ క్యారియరు ఊపింది. చప్పుడు లేదు. మళ్ళీ ఊపింది. మూత బిగుసుకుపోయింది. స్టీలు చల్లగా ఉంది. మామూలు క్యారియరు ఎలా ఉంటుందో అలా ఉంది.

గుహ ముందు బండోదరుడు కూర్చున్నాడు. అతను చిన్నవాడే. అంటే, కొండకన్నా చిన్నవాడు. తలకి నూనె రాసి దువ్వుకున్నాడు. భుజాన ఉతికిన కండువా ఉంది. వార్షికోత్సవం రోజున వేసుకున్నట్టున్నాడు, ఇంకా తీయలేదు. ముఖం బడి వైపే ఉంది.

ముత్యాలు గసపెడుతూ కాయితం విప్పింది. "మనకీ మైదానం ఇచ్చిన బండోదరుడిగారికి వంద..."

"ఆపు. చూసి చదవడం నాకూ వచ్చు. ఆ రోజు ఎందుకు చదవలేదు?"

టైమయిపోయిందని చెప్పొచ్చు. కాయితం ఎగిరిపోయిందని చెప్పొచ్చు. రెండూ నాలిక చివరిదాకా వచ్చాయి. ముత్యాలు క్యారియరు వైపు చూసింది.

"బూంది కోసం," అంది. "మూడే పొట్లాలున్నాయి తాతగారూ. చదివినవాళ్ళకి ఎప్పుడూ మిగలదు. మీరెవరో నాకు అప్పుడు తెలీదు. ఇప్పుడు తెలిసింది. అది మీ ఇల్లు. పిల్లలు ఏట్లో పడుతున్నారని మీ ఇల్లే చదును చేశారు. నేను గీతలు తిన్నగా గీస్తానని గొప్పలు పోతాను. నేల చదునుగా ఉందిగనకే నా గీత తిన్నగా వచ్చింది."

బండోదరుడు కండువా తీసి, మడతలు సరిచేసి, మళ్ళీ భుజాన వేసుకున్నాడు. ఆ కాసేపట్లో ఎండ కొండ అంచుమీదికి వాలింది.

"నిజం చెప్పావు. వేరే ఏం చెప్పినా నువ్వూ ఈపాటికి గరిటె అయ్యేదానివి," అన్నాడు చివరికి. "నూరేళ్ళుగా ఏటా తలంటుకుని ఇక్కడ కూర్చుంటున్నాను పిల్లా. నా పేరు వచ్చేసరికి కుర్చీల చప్పుడు. ఒక్కసారన్నా నా పేరు వినపడలేదు. నువ్వు ఇక్కడ చెప్తే శాపం విడదు. అక్కడ, వాళ్ళందరూ కూర్చుని ఉండగా చెప్పాలి."

"అక్కడికి మూడు రోజుల దారి!"

"నీకు," అని అతను అరచెయ్యి చాపాడు.

మూడు అంగల్లో బడికి వచ్చారు. మొదటి అంగలో అడవి, రెండో అంగలో ఏరు, మూడో అంగలో పొరపాటున ఒక ఆబోతు మీంచి. ఆ ఆబోతు తర్వాత ఎప్పుడూ ఎవరినీ పొడవలేదు.

రాక్షసుణ్ణి చూసి మైదానంలో ఎదురుచూస్తున్న జనం గగ్గోలుగా లేచారు. వరండాలో శేషాచార్యులుగారు ఒక చేత్తో గడియారం, ఇంకో చేత్తో బెల్లు కొట్టే సుత్తి పట్టుకున్నారు. సుత్తి అప్పటికే పైకి లేస్తోంది.

"కూర్చోండి!" అని అరిచింది ముత్యాలు. ఒక్కరూ వినలేదు. "ప్రభూ! ఆ రోజు అందరికన్నా ముందు లేచింది మీరే. ఇప్పుడు ముందు కూర్చోవలసిందీ మీరే!"

మహారాజు మోకాళ్ళు పారిపొమ్మంటున్నాయి. చేతిలో సబ్బుపెట్టె ఉంది. ఆయన దుమ్ములో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఆయన కూర్చోవడం చూసి మంత్రి కూర్చున్నాడు. తర్వాత పంతుళ్ళు, పిల్లలు, గోడ సగం ఎక్కిన తల్లిదండ్రులు.

నాలుగు పేజీలకి టైము లేదు. ఆనవాయితీ ప్రకారం మొదటి వందనం మహారాజుకి. ముత్యాలు కాయితం పారేసింది.

"ముందుగా బండోదరుడిగారికి! పిల్లలు ఏట్లో పడకూడదని ఆయన తన ఇంటిని చదును చేసి మనకి మైదానంగా ఇచ్చారు. ఆయనకి మనందరి వందనాలు!"

ఒక్క కుర్చీ చప్పుడు కాలేదు.

ఠంగ్! నాలుగయింది.

ఏమీ జరగలేదు. బకెట్టు బకెట్టులాగే ఉంది. ముత్యాలు క్యారియరుని రెండు చేతులా పట్టుకుని చెవికి ఆనించుకుంది. నిశ్శబ్దం. కన్నీళ్ళు మూతమీద పడ్డాయి. అప్పుడు లోపల ఎక్కడో ఒక గిన్నె సన్నగా కదిలింది. మూత ఎగిరిపడింది.

"ఒసేయ్! గరిటెతో కొడతావా నన్ను? అదీ రెండుసార్లు!"

రత్నాలు నిలబడి నెత్తి తడుముకుంటోంది. ముత్యాలు ఏడుస్తూ ఆమెని చుట్టేసుకుంది. రత్నాలు ఇంకో నాలుగు తిట్లు తిట్టి, తనూ ఏడ్చింది. అవతల సేనాపతి లేచి మీసం సవరించుకుంటే పిడి చప్పుడొచ్చింది. యువరాజు దగ్గర ఏడాదిపాటు చందనం సబ్బు వాసన పోలేదు.

మహారాజు ఆనందం పట్టలేక, "ఏం కావాలో కోరుకో అమ్మాయ్! సగం రాజ్యమిస్తాను!" అన్నాడు.

"ఆ రోజు బుట్టలో మూడు పొట్లాలు మిగిలాయి కదండీ," అంది ముత్యాలు.

వెతికారు. రెంటిని చీమలు తినేశాయి. ఒకటి మిగిలింది. ముత్యాలు దాన్ని విప్పి, ఒకసారి వాసన చూసి, రెండు చేతులా బండోదరుడికి చాపింది.

తాటిదుంగల్లాంటి రెండు వేళ్ళతో అతను చాలా జాగ్రత్తగా ఒకే ఒక్క వేరుశెనగ గింజ తీసుకున్నాడు. పొట్లం వెనక్కి ఇచ్చేశాడు. ఆ గింజని పొద్దుగూకేదాకా నములుతూనే ఉన్నాడు.

ఇప్పటికీ తామ్రగిరి బళ్ళో వందన సమర్పణ ముందు, బహుమతులు తర్వాత, బూంది అన్నిటికన్నా చివర. చదివినవాళ్ళకి రెండు పొట్లాలు. దాంతో ఆ పనికి పోటీ ఎంత పెరిగిందంటే, రత్నాలు కూడా ఒక ఏడాది పేరిచ్చి ఓడిపోయింది.