ఆరు బస్తాల ర్యాంపు

ఆరో బస్తా ఖాళీ అయిపోయింది. ర్యాంపు మాత్రం సగం దగ్గరే ఆగిపోయింది.

కళ ఖాళీ బస్తాలను మళ్ళీ లెక్కపెట్టింది. ఆరే ఉన్నాయి. తెచ్చిందే ఆరైతే ఏడోది ఎక్కడినుంచి వస్తుంది!

"అయిపోయినయా?" అన్నాడు వాళ్ళ బాపు గంగాప్రసాద్. పార పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"అయిపోయినయన్నా," అన్నాడు వెంకటి కాక.

వెంకటి ఈ అరబ్బు దేశంలో, మామీర్ కూలీల క్యాంపులో ఉండే మేస్త్రీ. వారానికి శుక్రవారం ఒక్కటే సెలవు. ఆ సెలవు కూడా వదులుకుని పొద్దున్నే బస్సెక్కి ముహర్రక్‌లో ఉన్న కళ వాళ్ళ ఇంటికి వచ్చాడు. ఎందుకంటే కళ వాళ్ళ కింది పోర్షన్‌లో ఉండే రహమత్ బీ ఆదివారం ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తోంది. తుంటి ఎముక విరిగి నెలరోజులుగా అక్కడే ఉంది. ఇకనుంచి ఆమె చక్రాల కుర్చీలోనే తిరగాలి. ఇంటి గుమ్మం ముందేమో మెట్టు!

"నలుగురు కలిసి నన్ను సామాన్ మోసినట్టు మొయ్యకుండ్రి," అని రహమత్ బీ ఫోన్లో ఏడ్చింది.

కళకు ఆమె నానీ, అంటే అమ్మమ్మలాంటిది. స్కూలు నుంచి రాగానే కళకు అన్నం పెట్టేది ఆమే. అమ్మ డ్యూటీ నుంచి వచ్చేదాకా కనిపెట్టుకుని ఉండేదీ ఆమే. అందుకే కుర్చీ ఎక్కేలా గుమ్మానికి ఏటవాలు ర్యాంపు కడదామని బాపు అనగానే కళ ఎగిరి గంతేసింది. ఇంటి ఓనరు కూడా సరేనన్నాడు.

"బస్తాలు ఎన్ని కావాల్నో నేను లెక్క చేస్తా!" అంది.

అవి రెడీమేడ్ కాంక్రీటు బస్తాలు. సిమెంటు, ఇసుక, కంకర అన్నీ అందులోనే ఉంటాయి. నీళ్ళు కలిపితే చాలు. ఒక్కో బస్తా ఇరవై ఐదు కిలోలు.

కళ ఆరో క్లాసు. లెక్కల్లో ఫస్టు. ఇంక ఆగుతుందా! టేపు పట్టి కొలిచింది. పొడవు నూట ఎనభై సెంటీమీటర్లు, వెడల్పు వంద, గుమ్మం దగ్గర ఎత్తు పదిహేను. ఏటవాలుగా దిగుతుంది కాబట్టి అందులో సగమే. నూట ముప్పై ఐదు లీటర్లు వచ్చింది. అక్కడిదాకా వంక పెట్టడానికి లేదు.

ఆ తర్వాతే వచ్చింది తంటా. లీటరు నీళ్ళు కిలో బరువుంటాయని టీచర్ చెప్పింది కదా! అయితే ఇరవై ఐదు కిలోల బస్తా అంటే ఇరవై ఐదు లీటర్లు. ఐదు చాలవు, ఆరు కావాలి. జవాబు చుట్టూ గీత గీసి, పక్కన తనకు తానే ఒక స్టార్ కూడా వేసుకుంది.

పొద్దున ఆ ఆరు బస్తాలు చూడగానే వెంకటి కాక తల గోక్కున్నాడు.

"తక్కువ పడ్తయేమో బిడ్డా. ముందుగాల ఒక్క బస్తా కలిపి డబ్బల పోసి చూద్దాం. ఎంతొస్తదో తెలుస్తది."

"ఎందుకు కాకా, టైం వేస్ట్! ఇగో, లెక్క చేసిన." కళ నోట్‌బుక్ తెచ్చి అతని ముక్కు దగ్గర పెట్టింది. "అసలు నువ్వెంతదాక చదివినవ్?"

వెంకటి కాక నవ్వలేదు. కోప్పడనూ లేదు.

"రెండో తరగతి," అన్నాడు. తలకు కట్టుకున్న తువ్వాల సర్దుకుని పార అందుకున్నాడు.

బాపు అవతల చెక్కలు బిగిస్తున్నాడు. ఈ మాటలు ఆయనకు వినపడలేదు.

ఇప్పుడు చూస్తే ఇదీ సంగతి!

"షాపుకు పోయి తెస్తా," అని బాపు పికప్ తాళాలు తీశాడు. అంతలోనే ఆగిపోయాడు. శుక్రవారం. పదకొండు దాటింది. నమాజు టైమని హార్డ్‌వేర్ షాపు షట్టరు దించేశారు. మళ్ళీ తెరిచేది మూడింటికే.

"అప్పటిదాక ఆగుదాం, ఏమైతది?" అంది కళ నెమ్మదిగా.

"ఈ ఎండకు మాల్ జల్ది గట్టిపడ్తది బిడ్డా," అన్నాడు వెంకటి కాక, తడి కాంక్రీటు కేసి చూపిస్తూ. "అంచు ఇట్ల జారిపోయి ఉంటే, మీద పోసిన కొత్తది అతకదు. పగులుతది."

"పగిలితే?"

"కుర్చీ చక్రం అండ్ల ఇరుకుతది."

కళకు కుర్చీ ముందుకు ఒరగడం, రహమత్ నానీ కింద పడడం కళ్ళముందు కనిపించాయి. విరిగిన తుంటి మళ్ళీ విరిగితే? అమ్మో!

"యల్లా అన్నా, తొందరగ ఆ చెక్క ఇటియ్యి!" అని వెంకటి కాక కేకేశాడు.

చెక్కను ర్యాంపు మధ్యలో అడ్డంగా నిలబెట్టాడు. బాపు దాన్ని గట్టిగా పట్టుకున్నాడు. జారిన కాంక్రీటునంతా కాక గుమ్మం వైపుకు తోసి, ఆ సగాన్ని పూర్తి ఎత్తుకు తెచ్చి చదును చేశాడు. కొంచెం గట్టిపడ్డాక చెక్క తీసి, ఆ నిలువు అంచును మేకుతో గీకి గరుకు చేశాడు. కొత్తది పట్టుకోవాలంటే అలా చేయాలట. పైన తడి గోనెపట్టా కప్పాడు.

కళ ఏం చేయాలో తెలియక ఖాళీ బస్తాలు మడతపెట్టసాగింది. ఒక బస్తా వెనకాల చిన్న అక్షరాలు కనిపించాయి. పైన అరబిక్, కింద ఇంగ్లీషు. చదివింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చదివింది.

ఒక బస్తాకు పన్నెండు లీటర్ల కాంక్రీటు వస్తుంది!

ఇరవై ఐదు కాదు, పన్నెండు! రాళ్ళూ ఇసుకా నీళ్ళలాగా తేలికగా ఉంటాయా మరి? అంత మాత్రం తట్టలేదేంటి తనకు? ఈ అక్షరాలు పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాయి. చదివే పాపాన పోతే కదా!

"కాకా, నీకు ముందే ఎరుకనా?"

"ఎరుకే బిడ్డా. పన్నెండేండ్ల సంది ఇదే పని."

"మరి గట్టిగ ఎందుకు చెప్పలే?"

వెంకటి కాక తాపీ కడుగుతున్నాడు. తల ఎత్తలేదు.

"ఒకసారి చెప్పిన గద. నువ్వు నా సదువు అడిగినవ్. ఇగ రెండోసారి నోరు రాలే."

కళకు చెంప మీద కొట్టినట్టయింది. బస్తాలు చాలనప్పుడు కూడా ఇంత దెబ్బ తగల్లేదు. తను అంత మాట అందా! సెలవు పాడుచేసుకుని వచ్చిన మనిషిని!

"ఏమడిగినవే?" అన్నాడు బాపు.

కళ దాచలేదు. పొద్దున అన్న మాట అన్నట్టే చెప్పేసింది. బాపు తల వంచుకున్నాడు. ఆయన తిట్టి ఉంటేనే కళకు నయంగా ఉండేది.

మూడయింది. షాపు తెరిచారు.

"ఇప్పుడెన్ని తేవాలె?" అన్నాడు బాపు.

కళ నోట్‌బుక్ జోలికి పోలేదు. వెంకటి కాక ఎదురుగా వెళ్ళి నిలబడింది.

"కాకా, తప్పయింది. నువ్వు ఎట్ల అంచనా వేస్తవో నాకు నేర్పియ్యవా?"

వెంకటి కాక ర్యాంపు మీది గోనెపట్టా పక్కకు తీశాడు.

"ఆరు బస్తాలకు ఎంత నిండింది?"

"సగం కన్న కొంచెం ఎక్కువ."

"ఇంకెంత ఉన్నది?"

"సగం కన్న కొంచెం తక్కువ. అంటే... ఇంకో ఆరు సరిపోతయి."

"కింద కారేది, డబ్బకు అంటేది?"

"అయితే ఏడు!"

కాక మొహంలో నవ్వు కనిపించింది.

బస్తాలు రాగానే కళ ఒకే ఒక్కటి విప్పించింది. నీళ్ళు కొలిచి పోసింది. కాక కలిపిన కాంక్రీటును ఇరవై లీటర్ల పెయింటు డబ్బాలోకి ఎత్తించి, టేపు పెట్టి చూసింది. సగానికి కొంచెం పైన ఆగింది. అప్పుడు గానీ రెండో బస్తా ముట్టుకోనివ్వలేదు.

పొద్దు గుంకేలోపు ర్యాంపు పూర్తయింది. ఒక బస్తా మిగిలింది కూడా. శనివారమంతా కళ గోనెపట్టాల మీద నీళ్ళు చల్లుతూనే ఉంది.

ఆదివారం సాయంత్రం రహమత్ బీ కారు దిగి కుర్చీలో కూర్చుంది. కొడుకు ఇజాజ్ వెనక నుంచి తోశాడు. ఆమె భయంతో కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి తన గదిలో ఉంది.

"అరె! లోపటికి ఎప్పుడొచ్చిన నేను?" అని ఆశ్చర్యపోయింది. తర్వాత కళను దగ్గరికి తీసుకుంది. "లెక్క నీదే కదా బేటీ? క్లాసుల ఫస్టు!"

బాపు కళ వైపు చూశాడు.

కళ ఆయన ఫోన్ అడిగి తీసుకుని వీడియో కాల్ చేసింది. వెంకటి కాక డ్యూటీ దిగి, హెల్మెట్ తియ్యకుండానే క్యాంపు బస్సులో కూర్చుని ఉన్నాడు.

"నా లెక్క తప్పింది నానీ," అంటూ కళ ఫోన్‌ను రహమత్ బీ వైపు తిప్పింది. "ఇగో, సరైన లెక్క ఈ సారుది. నాకు నేర్పింది ఈయననే."

సారు అన్న మాట వినగానే వెంకటి కాక తలమీది హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.