మూడో షెడ్డులో ఎర్ర చెయ్యి

ఆ గ్యారేజీలో మూడో షెడ్డుకు మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ బానెట్ ఎత్తకూడదంటారు. ఎత్తితే... ఇంజన్ పక్కనుంచి ఎర్రగా ఒక చెయ్యి లేస్తుందట. నాలుగే వేళ్ళు. బొటనవేలు లేదు.

మొదట చూసినవాడు వెల్డరు. చూసిన పూట చెయ్యి అని మాత్రమే అన్నాడు. మర్నాటికి దానికి గోళ్ళు మొలిచాయి. వారం తిరిగేసరికి ఆ గోళ్ళతో రేకు మీద టిక్... టిక్... మని తట్టి, తనను పేరు పెట్టి పిలిచిందన్నాడు.

అక్కడి ట్యూబులైటు కాలిపోయి ఏడాదైంది. మార్చడానికి ఎవరూ పోరు. దెయ్యం ఉంది కదా!

ఒకరాత్రి మెకానిక్కుకు ఆ షెడ్డు తప్పలేదు. మిగతా రెండింట్లోనూ బళ్ళు విప్పి ఉన్నాయి. తెల్లారితే భార్యకు రేసు. కిందటిసారి సగం దూరంలోనే ఇంజన్ వేడికి వైర్లు కరిగి కారు ఆగిపోతే, ఆవిడ హెల్మెట్ చంకన పెట్టుకుని నడిచి వచ్చింది.

"ఈసారి మధ్యలో ఆగితే అమ్మేస్తాను," అంది ఆవిడ, పక్కన టార్చి పట్టుకుని. "బండినా, మిమ్మల్నా అన్నది అప్పుడు చూద్దాం."

అతను నాలుగు చక్రాల నట్లూ, ఎంత బిగిసిందో ముల్లుతో చూపించే టార్క్ రెంచితో, ముల్లు చూసి మరీ బిగించాడు. బానెట్ ఎత్తాడు. ఇంజన్ స్టార్టు చేసి రేజ్ పెంచాడు. రెండు నిమిషాలు... మూడు...

ఆవిడ చేతిలోని టార్చి జారింది. దొర్లుకుంటూ కారు కిందికి పోయి, ఆరిపోయింది.

చీకట్లో... ఇంజన్ పక్కన... ఎర్రగా ఒక వేలు. పక్కన ఇంకొకటి. తర్వాత ఇంకో రెండు.

"చూశావా?"

"చూశాను."

"పరిగెడదామా?"

"మీరు పరిగెత్తండి. నాకు పొద్దున్నే రేసు."

అతను ఇంజన్ ఆపేశాడు. నిశ్శబ్దం. అంతలో — టిక్... టిక్...

భర్త చెయ్యి వచ్చి తన భుజం పట్టుకోవడంతో ఆవిడ ఇంకాస్త భయపడింది. అయినా వంగి చూసింది. ముఖానికి పొయ్యి సెగ తగిలినట్టయింది.

"చెయ్యీ లేదు, కాలూ లేదు. హెడర్లండీ ఇవి!"

హెడర్లే. ఇంజన్లో కాలిన పొగను బయటికి పంపే నాలుగు గొట్టాలు. కొలిమిలో పెట్టిన ఇనుములా ఎర్రబడ్డాయి. చల్లారుతున్న ఇనుము టిక్కుటిక్కుమంటోంది. వెల్డరు అబద్ధమాడింది గోళ్ళ దగ్గర, పేరు దగ్గర మాత్రమే.

"మరి మిగతా షెడ్లలో ఎందుకు కనబడదు?" అంది.

"అక్కడ లైట్లు వెలుగుతుంటాయిగా. ఈ ఎరుపు వెలుతుర్లో తెలీదు..." అంటూనే అతను ఆగిపోయాడు. వెల్డరు చూసినప్పుడు ఇక్కడున్నది వేరే కారు. దాన్ని ట్యూన్ చేసిందీ తనే.

"అయితే ఏడాదిగా మీ చెయ్యి పడ్డ బళ్ళన్నీ ఇంతేనా?"

అతను టార్చి వెతికి, ఇంజన్లో తల దూర్చాడు. పెట్రోలు తక్కువై గాలి ఎక్కువైందేమోనని ప్లగ్గులు విప్పి చూశాడు. రంగు సరిగ్గానే ఉంది. వాటిని బిగించి, మళ్ళీ స్టార్టు చేసి, సైలెన్సరు మూసుకుపోయిందేమోనని వెనక చెయ్యి పెట్టాడు. పొగ ధారాళంగా వస్తోంది. ఇక మిగిలింది టైమింగ్. స్పార్క్ ఆలస్యమైతే, లోపల కాలాల్సిన పెట్రోలు గొట్టాల్లోకి వచ్చి కాలుతుంది.

"అదయ్యే అవకాశమే లేదు," అన్నాడు. "ముప్పై రెండు డిగ్రీలకు పెట్టాను. మామయ్యగారి లైటుతో."

పిస్తోలు ఆకారంలో ఉండే ఆ టైమింగ్ లైటును మామగారు ఏడాది కిందట పెళ్ళిరోజు కానుకగా ఇచ్చారు. దాని వెనక మీట తిప్పితే స్పార్క్ ఎన్ని డిగ్రీల ముందు పడుతోందో చెబుతుంది. మళ్ళీ పెట్టి చూశాడు. ముప్పై రెండు. వెంట్రుకవాసి తేడా లేదు.

అతను లైటు దించాడు.

"నిజంగానే దెయ్యమేమో..."

"ఆ మీటను ఒకసారి సున్నాకు తిప్పండి."

"ఎందుకు? మన బళ్ళన్నీ ముప్పై దగ్గరే కదా. ఎప్పుడూ కిందికి తిప్పే పనే పడలేదు."

"ఇప్పుడు పడింది. తిప్పండి."

తిప్పాడు. ఇరవై ఐదు... ఇరవై... పదిహేను.

అక్కడ ఆగిపోయింది. ఎంత తిప్పినా దిగదు.

ఏమీ వెయ్యకముందే పదిహేను కిలోలు చూపించే కాటాలా ఉంది వ్యవహారం. ఆవిడ టార్చి దగ్గరగా పెట్టింది. మీట అంచున ఎండిన పసుపు బంక. ఊడిపోయిన మీటను ఎవరో శ్రద్ధగా, వంకరగా అతికించారు.

అతను స్పార్క్‌ను పదిహేను డిగ్రీలు ముందుకు జరిపి, మళ్ళీ రేజ్ పెంచాడు. టార్చి ఆర్పేసి ఇద్దరూ నిలబడ్డారు. ఐదు నిమిషాలు గడిచినా హెడర్లు నల్లగానే ఉన్నాయి. ఇంజన్ ఆపి, ఊపిరి పీల్చుకున్నారు.

అప్పుడు వినబడింది... అడుగుల చప్పుడు. గుమ్మంలో తెల్లగా, పొడుగ్గా ఏదో...

"ఇంకా పడుకోలేదా అల్లుడూ?"

దుప్పటి కప్పుకుని, వెనకింట్లోంచి వచ్చిన మామగారు.

"నాన్నకు చెప్పకండి," భార్య చెవిలో గొణిగింది. "ఆ లైటు గురించి చుట్టాలందరికీ చెప్పుకున్నాడు. ప్రాణం పోతుంది."

"ఏం లేదు మామయ్యగారూ. దెయ్యం... పారిపోయింది."

"ఎలా పోయింది?"

"మీ లైటు చూపించాం."

పెద్దాయన దుప్పట్లోనే ఛాతీ విరుచుకున్నాడు.

"పోదూ మరి! నీకిచ్చేముందు మీట ఊడితే పారేద్దామనుకున్నాను, నా చేత్తో నేనే అతికించా. చెయ్యి అలాంటిది." వెళ్ళబోయి, వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, ఆ బంక కాస్త మిగిలితే పోయిన వారం నీ టార్క్ రెంచి ముల్లు కూడా అతికించా. ఊగుతోంది పాపం. నీకు చెప్పడం మరిచా."

అడుగుల చప్పుడు దూరమైంది.

ఆవిడ నెమ్మదిగా టార్చి వెలిగించి ముందు చక్రం మీదికి తిప్పింది. అతను వంగి, రెంచి లేకుండా, రెండు వేళ్ళతో నట్టు పట్టుకున్నాడు.

అది... తిరిగింది.